బోర్డు మీద మాట

సింగ్‌నగర్ మునిసిపల్ హైస్కూల్లో
గంట కొట్టేది నేనే. తాళాలూ నా దగ్గరే.
మెట్ల పక్క నల్లబోర్డు మీద
రోజుకో ఇంగ్లీషు సామెత రాసేదీ నేనే.

రాయడమంటే రాయడం కాదులే.
సుభాషిణి టీచరిచ్చిన అట్ట ఊడిన పుస్తకంలోంచి
ముగ్గు దించినట్టు దించుతాను.
అర్థం మాత్రం జిలానీ చెప్పాలి.
తొమ్మిదో తరగతి, రోజూ లేటు.
సామెత విప్పితేనే గేటు తీస్తాను, అదీ బేరం.

"ఒలికిన పాలకి ఏడవకూడదంట, మార్తమ్మాంటీ."
ఆ మాటన్నోడు
అరలీటరు ప్యాకెట్టు అప్పుపెట్టి కొనుండడు అన్నాను.
అన్నానే గానీ,
చీటీపాట రవణ పరారయ్యాడని తెలిసిన రాత్రి
స్టవ్ ముందు కూర్చుని
"స్పిల్ట్ మిల్క్, స్పిల్ట్ మిల్క్" అనుకున్నాను
నిద్ర పట్టేదాకా.
పెద్ద డాక్టరు రాసిన చీటీ లాంటిది.
చదవలేం. అయినా మడిచి జాకెట్టులో దాచుకుంటాం.

మన సామెతలు తెలీక కాదు.
ఆడలేక మద్దెల ఓడు అంటే మా అత్త గొంతు.
మొక్కై వంగనిది అంటే మా నాన్న బెల్టు.
ఒక్కోటీ ఎవరి నోట్లోంచో వచ్చి తగిలిందే.
ఈ ఇంగ్లీషువి
నన్నెప్పుడూ తిట్టలేదు.

దొర్లే రాయికి పాచి పట్టదట.
అది మంచికో చెడ్డకో జిలానీకీ తెలీదు.
ఆరు అద్దెకొంపలు మారినదాన్ని,
మంచికే అనుకున్నాను.

బుడమేరు పైకొచ్చినప్పుడు
పైవాటా వాళ్లింట్లో పదకొండు మందిమి,
ఒక బకెట్టు మంచినీళ్లు.
శనివారం నేను రాసిన మాట గుర్తొచ్చింది,
ప్రతి మబ్బుకీ వెండి అంచుంటుందని.
అంచంటే నాకు తెలిసింది చీరంచు.
అది కింద ట్రంకుపెట్టెలో, నీళ్లలో.

తొమ్మిదో రోజు బడి తాళం తీశాను.
వరండా పొడుగునా, నా భుజమెత్తున
బురద గీత,
బెత్తెడు వెడల్పు, ఎక్కడా వంకర లేదు.
బోర్డు మీద పై వరస మిగిలింది.
కింది వరస లేదు.
మబ్బుంది. వెండి పోయింది.

ఆరోజు జిలానీ గంటకంటే ముందొచ్చాడు,
చెప్పుల్లేవు, చేతిలో చీపురు.
వాళ్లింట్లో పుస్తకాలన్నీ ముద్దయ్యాయంట,
ఇడ్లీ పిండిలా ఉన్నాయని నవ్వాడు,
తర్వాత నవ్వలేదు.
ఇద్దరం మధ్యాహ్నం దాకా బురద ఎత్తిపోశాం.

చాక్‌పీసు అడిగాడు. పొడిది ఒక్కటీ లేదు.
కడిగి ఆరిన బోర్డు మీద
తడివేలితో కింది వరస రాశాడు.
ఎండ చుర్రుమంటోంది,
రాస్తుంటే వెనకాలే ఆరిపోతోంది.

"సిల్వర్‌లో నిలువుగీత మర్చిపోయావురా," అన్నాను,
నా వేలు బకెట్టులో ముంచి
ఆరేలోపు గీశాను.