కాలువ కట్టేశాక

ఏప్రిల్ ఆఖరుకి కాలువ కట్టేశారు.
కాకరపర్రు లాకుల కింద అడుగు బయటపడింది:
ఎవరిదో స్టీలు గ్లాసు, సైకిలు చైను,
పోయినేడు ముంచిన వినాయకుడి వెదురు నడుము.

నాన్నని మట్టిచేసి పదకొండు రోజులు.
కొవ్వొత్తి మైనం ఇంకా నా చెప్పుకి అంటుకునే ఉంది.
ఒళ్ళో నాయనమ్మ పుస్తకం,
ఎనభయ్యారు వరదలో నాని, ఎండి,
పనసకాయలా ఉబ్బినది.
పేజీకీ పేజీకీ మధ్య మెత్తటి గోదారి ఒండ్రు.

నాయనమ్మ నక్షత్రమ్మకి అక్షరం రాదు.
పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా
ఆ పాత ప్రార్థనలు ఆమె నోట్లో నిటారుగానే నిలబడేవి.
నాట్లేస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ చెప్పుకునేది.
ఒక్కో అడుగుకీ ఒక్కో పాదం.

కాలేజీకెళ్ళే రోజుల్లో నాకు సిగ్గేసేది.
ఎన్ని శాపాలు అందులో!
పగవాడు మాడిపోవాలని, వాడి పేరు మిగలకూడదని.
ఇదేం ప్రార్థన నాయనమ్మా,
క్షమించమన్నాడు గదా ఆయన, అన్నాను.
చేటలో నూకలు చెరుగుతూనే అంది:

"కౌలు ముప్పై సెంట్లకి నీళ్ళ వంతు మనది, రాత్రి రెండింటికి.
గండి పూడ్చేసి మీ తాత వీపు మీద పారకామ విరగ్గొట్టినోడు
తెల్లారి ఉతికిన పంచె కట్టుకుని
మన తగువే తీర్చడానికి కూర్చున్నాడు.
క్షమించాలి. క్షమిస్తాను.
ముందు ఆయనతో చెప్పుకోనీ.
కొడవలి ఆయన చేతికిచ్చేశాకే గదే
నా చెయ్యి ఖాళీ అయ్యేది."

ఆ పూట అంతా అర్థమైందనుకున్నాను.

ఆ పద్యాల నిండా కొండలు.
మాకు కొండెక్కడిది? కాలువ గట్టే ఎత్తు.
దానిమీద నిలబడితే కనిపించేది ఇంకో గట్టు.
గొర్రెల కాపరి అంటారు. నాకు బాతులవాళ్ళే తెలుసు,
కోతలయ్యాక కొల్లేటి వైపు నుంచి
వెయ్యి బాతుల్ని ఒక్క గెడకర్రతో తోలుకొచ్చేవాళ్ళు,
మోకాలి దాకా బురద, నోట్లో చుట్ట.
చిన్నప్పటి నుంచీ నా దేవుడు బాతులవాడే.
ఎవరికీ చెప్పలేదు. పాస్టరు గారికి అసలే చెప్పలేదు.

పాస్టరు గారు ప్రతి పాదంలోనూ ప్రభువుని వెతికిస్తారు.
దొరుకుతాడు కూడా.
కానీ నాకు ముందు కనిపించేది ఎవరో ఒక మనిషి.
సిలువ కాబోయే చెట్టు ఇంకా విత్తనమైనా కాని కాలంలో
పేరు తెలియని ఊళ్ళో
నిద్రపట్టక లేచి కూర్చున్నవాడు.
ఆఖరి ఊపిరికి ప్రభువే
వాడి మాటలు అరువు తెచ్చుకున్నాడు.
సొంత మాట దొరకని పూట
ఆయనకీ వచ్చిందన్నమాట.

ఇంకొకటుంది.
కొన్ని పాదాల చివర, బ్రాకెట్ల మధ్య,
రెండక్షరాల మాట. అర్థం ఎవరికీ తెలియదు.
తెలుగు చేసినవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు.
ఈ లాకుల దగ్గర ముప్పైరెండేళ్ళు లస్కరు, మా నాన్న పరంజ్యోతి,
చదువుతూ చదువుతూ అక్కడికి రాగానే ఆగిపోయేవాడు.
ఆ మాట పలికేవాడు కాదు.
చక్రం తిప్పి తిప్పి కాయలు కాసిన చేతులు
మోకాళ్ళమీద బోర్లించి కూర్చునేవాడు.
అమ్మ పొయ్యి దగ్గర దగ్గేది. కుక్క మొరిగేది.
ఏంటి నాన్నా, మర్చిపోయావా? అంటే
"తలుపులేశానమ్మా. లోపల నీళ్ళెక్కాలి గదా.
పడవ ఊరికే పైకి రాదు."

ఇవాళ తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి.
తుప్పు. పక్షి రెట్టలు.
పడవలు ఎక్కి దిగిన కాలం నాకు సరిగ్గా గుర్తే లేదు.

రెండు పేజీలు అంటుకుపోయి ఉన్నాయి.
గోరుతో రేపితే ఒండ్రు రాలింది,
దాంతోపాటు సగం అక్షరం.
ఆపేశాను.

అక్కణ్ణుంచి నోటికొచ్చినంత చెప్పాను,
నాయనమ్మలాగే, వెనక్కి వెనక్కి.
కొండల దగ్గర తడబడ్డాను.
శాపం దగ్గర నాన్నని చూడని డాక్టరు పేరు నోటిదాకా వచ్చింది.
చెప్పేశాను. చెయ్యి ఖాళీ కాలేదు ఇంకా.
రెండక్షరాల దగ్గర ఆగాను.

కింద, కాలువ అడుగున, ఎవరో పిల్లాడు
భుజం దాకా బురదలో చెయ్యి పెట్టి
మట్టగిడస కోసం తడుముతున్నాడు.