నాలుక లేని గంట

బుధవారం బుధవారం
టీకాల పెట్టెతో బెథెల్ క్రీక్ వెళ్తాను.
పంతొమ్మిది ఇళ్ళు, మూతపడ్డ పెట్రోలు బంకు,
రేకుల చర్చి, వెనక ఇనప దూలానికి గంట.
వయసులో ఊరికంటే అదే పెద్దది.
మిషన్ దొరలు బండిమీంచి ముందు దాన్నే దించారట,
గోడలు తర్వాత.

పిండికి గంట, ప్రార్థనకి గంట,
పిల్లల్ని తల్లులకి దూరంగా
పడుకోబెట్టడానికి గంట.
సొంత భాషలో ఒక్క మాట జారితే
ఆ పూటకి పిండి లేదు.

బీపీ పట్టీ బిగిస్తుంటే చెప్పింది మెర్లీన్ పెద్దమ్మ.
ఎనభై రెండేళ్ళు, చక్కెర మానదు.
"మా అమ్మా, ఇంకో ఇద్దరూ
ఓ రాత్రి దాని నాలుక ఊడబీకారు.
ఈ వాగులోనే ఎక్కడో ఉంది."
నవ్వింది. అంకెలు ఎగిరిపడ్డాయి.
"మళ్ళీ చూడు" అంది.

గుంటూరు మిషన్ బళ్ళో
గంట వింటే పరుగెత్తినదాన్ని నేను.
ఆ పరుగు ఇంకా పిక్కల్లో ఉంది.

తిరిగొస్తూ వంతెన మీద కారాపాను.
మెర్లీన్ మనవరాలు మోకాళ్ళలోతు నీళ్ళలో
దోసిట్లో కప్పని ఎత్తి చూపించి
దాని పేరు చెప్పింది,
వాళ్ళ మాటలో.
నా నోరు తిరగలేదు.
ఇంకోసారి చెప్పించుకున్నాను.