కుడి అంచు అవతల

వార్డో రేవు ఆఫీసులో
గూద్వెయిగ్ నన్ను చూడగానే అన్న మొదటి మాట:
"మళ్లీ ఆపి మొదలుపెట్టమన్నావో,
ఆ మంచు మెట్ల మీంచి తోసేస్తాను."
నిజమే, ఫోనులో మూడుసార్లు అదే చెప్పాను.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రం మాది.

రోగం ఇదీ:
బ్రౌజర్లో పొరపాటున ఓ ట్యాబు మూసేస్తుంది,
ఎడమచేత్తో కంట్రోల్, షిఫ్ట్, టి నొక్కుతుంది,
పోయిన ట్యాబు తిరిగి రాదు సరికదా
ఉన్నవన్నీ బిగుసుకుపోతాయి.
ఓడల పట్టిక, ఉత్తరాలు, సగం టైపు చేసిన మాట,
దేనికీ ఉలుకూ పలుకూ ఉండదు.

"చూపించు," అన్నాను.
నొక్కి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది
తనకేం సంబంధం లేదన్నట్టు.

ముందు బ్రౌజర్ని అనుమానించాను.
గుమ్మడికాయ ఎవరు దొంగిలించినా
దాని భుజాలే తడమడం మాకలవాటు.
తగిలించినవన్నీ పీకేశాను, కొత్త ఖాతా తెరిచాను.
అదే బిగుసు.
తర్వాత గ్రాఫిక్స్ డ్రైవరు. దాన్నీ మార్చాను.
తర్వాత కీబోర్డు: బోర్లించి దులిపితే
రొట్టె పొడి రాలింది, ఒక చేప పొలుసు రాలింది,
దోషం రాలలేదు.

చివరికి బ్రౌజర్ మూసేసి
ఖాళీ తెర మీద నొక్కమన్నాను.
బిగుసుకుంది.
ఇన్నాళ్లూ నింద మోసినవాడు
ఆ వేళ ఊళ్లోనే లేడు.

నల్ల తెరలోకి దిగి లెక్కలు చూశాను.
ప్రాసెసర్ నూటికి మూడు పాళ్లు.
మెమరీ సగానికి పైగా ఖాళీ.
లాగ్‌లో ఒక్క కేకా లేదు.
పని లేని యంత్రం అలసి పడిపోదు కదా.
వెనక్కి వస్తే మూలన గడియారం
పదకొండూ ఇరవైరెండు, ఇరవైమూడు,
నిక్షేపంగా నడుస్తోంది.
మౌసు బాణమూ కదులుతోంది.
కుడికి జరిపాను, ఇంకా కుడికి,
అంచు దాటి
మాయమైంది.

"ఇక్కడ ఇంకో తెర ఉండేదా?"
"ఎయిలీఫ్‌ది. రిటైరైన రోజు, తన డబ్బుతో కొన్నదని
చంకలో పెట్టుకుపోయాడు."
ఆ సంగతి యంత్రానికి ఎవరూ చెప్పలేదు.

కారు డిక్కీలోంచి పాత మానిటర్ తెచ్చి తగిలించాను.
బూడిదరంగు మీద చిన్న పెట్టె,
అందులో ఒకే ప్రశ్న:
బయట పొగమంచు ఉందా?
కింద రెండు బొత్తాలు. ఉంది. లేదు.

ఫోన్ చేస్తే ఎయిలీఫ్ పడవకి రంగేస్తున్నాడు.
"అదా! టోకె కోసం టి."
టోకె అంటే మాకు పొగమంచు.
"రాయడం మర్చిపోతానని, జవాబు చెప్పేదాకా
ఇంకేదీ ముట్టనివ్వకుండా కట్టుకున్నా.
పనిచేస్తోందా ఇంకా?"
గొంతులో సిగ్గు కన్నా గర్వమే ఎక్కువ.

ఫైలు తెరిచాం. పదకొండేళ్లు.
ఉంది. లేదు. లేదు. ఉంది. ఉంది.
ఆ తర్వాత నాలుగు నెలలు ఖాళీ.
అడిగినప్పుడల్లా బొత్తాం నొక్కి
మేం నోరు మూయించిన నాలుగు నెలలు.

గూద్వెయిగ్ కిటికీ దాకా వెళ్లింది.
పీతల పడవ ఒకటి, దాని వెనక తెల్ల పక్షులు,
అవతల సముద్రం గీత గీసినట్టు.
"లేదు," అంది. నొక్కాను.
సగం మాట పక్కన కర్సరు
మళ్లీ రెప్ప కొట్టింది.

"తీసేయనా?"
కాసేపు ఆలోచించింది.
"ఈ తెర మీదికి తీసుకురా. వేరే మీటలివ్వు.
ఆ మూడూ నావి."

పనిపత్రంలో లోపం అన్నచోట ఏం రాయాలో తోచక
రుసుము ఒక్కటే రాశాను.
గుమ్మం దగ్గర బూటు తాళ్లు కట్టుకుంటుంటే
వెనక మీటల చప్పుడు,
కుర్చీ జరిగిన చప్పుడు,
కిటికీ వైపు అడుగులు.