ఏడో నంబరు

బెర్లిన్‌లో వెడ్డింగ్ అని ఒక పేట.
పేరే గానీ పెళ్లికీ దానికీ చుట్టరికం లేదు.
మార్పిడి మీద ఆంక్షలు ఇంకా బిగియని ఏడాది,
అక్కడో పాత అద్దెల భవనాన్ని
కాగితం మీద పద్దెనిమిది ముక్కలుగా కోయడానికి
లేజర్ కొలబద్ద పట్టుకెళ్లినవాణ్ణి నేను.

నా పని చిన్నది.
ఒక వాటా గదులన్నిటికీ ఒకే అంకె వేసి
చుట్టూ సున్న చుట్టాలి.
వంటిల్లు ఏడు. పడకగది ఏడు.
కింద నేలమాళిగలో
బంగాళాదుంపల బుట్టా, తుప్పు పట్టిన స్లెడ్జీ ఉన్న అర, అదీ ఏడే.
నా కొలతకు అడ్డం లేకుండా
కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకున్న
రోస్విత క్లామ్ట్‌కు మాత్రం అంకె లేదు.
నక్షాలో మనుషుల్ని గీయరు.

"ఈ గోడ ఎవరిదవుతుంది?"
బరువు మోసే గోడ అందరిదీ అన్నాను,
దాని మీది గిలాబు మాత్రం కొన్నవాళ్లది.
"కిటికీ?"
అందరిదీ.
"కిటికీ సందులోంచి దూరే చలిగాలి?"
దానికి నా దగ్గర సెక్షన్ లేదు.
"ముప్పై ఒక్క చలికాలాలుగా అది నాది.
రాసుకో."

అడిగింది కనక చట్టం చెప్పాను.
అమ్మేటప్పుడు మీకు ఉత్తరం వస్తుంది,
బయటివాడు ఒప్పుకున్న ధరకే
మీరూ కొనుక్కోవచ్చు, రెండు నెలల్లోగా.
ఆసుపత్రి లాండ్రీలో జన్మంతా దుప్పట్లు మడిచిన మనిషి
నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది.

కొనకపోయినా భయం లేదు, అన్నాను.
నేనే కాపురముంటానంటూ కొత్త యజమాని
పదేళ్ల దాకా మిమ్మల్ని లేపడానికి వీల్లేదు.
"పదేళ్లే!
డెబ్భై నాలుగులో ఉన్నాను.
నా గుండె డాక్టరు కూడా
ఇంత ధైర్యం చెప్పలేదు నాయనా."

మిగిలిన కొలతలకు మళ్లీ వెళ్లిన శనివారం
యానిక్ టాయ్‌బ్నర్ అనే కుర్రాడు చూసిపోవడానికి వచ్చాడు.
మనిషున్న ఇల్లు చవక.
అతను పైకప్పు చూడలేదు, నీటి గొట్టాలు చూడలేదు.
బల్ల మీది మాత్రల డబ్బా చూశాడు,
ఆమె వాచిన చీలమండలు చూశాడు,
చూసినందుకు సిగ్గుపడి నేల చూశాడు.
తర్వాత తెలిసింది,
ఇంకో పేటలో అతని గడువూ తీరిందట,
పెట్టెలు సర్దుకుంటున్నాడట.
అదే చట్టం, అవే వాక్యాలు.
ఆమె మొదటి నుంచి చదువుతోంది,
అతను చివరి నుంచి.

"నాలుగంతస్తులు. మెట్లెక్కడం కష్టం కాదా మీకు?"
ఎంతో మర్యాదగా అడిగాడు.
"ఎక్కడం అలవాటే. దిగడమే," అంది,
అని మా ఇద్దరికీ
ప్లమ్ జామ్ రాసిన రొట్టె ఇచ్చింది.

నక్షా మూల జామ్ మరక పడింది.
దఫ్తరువాళ్లు దాని మీదే ముద్ర కొట్టారు.

నేనుండేదీ అద్దె ఇంట్లోనే, లిఖ్టెన్‌బర్గ్‌లో.
మా ఇంటి ముసలాయన పోయిన నెల పోయాడు.
వారసులు ముగ్గురు.
రాత్రి లైటు తీసేసి
కిటికీ సందులో చెయ్యి పెట్టి చూస్తున్నాను.