సగం పని

త్బిలిసీలో మంచు. తెర మీద
ఎతేరీ ముఖం, ఎనిమిదింతలు.
వెలుతురు పక్కనుంచి పడి
నూగంతా లేచి నిలబడింది.

"అది తీసెయ్.
కానీ నన్ను మైనపు బొమ్మని చెయ్యకు" అంది.

ఒక్కో వెంట్రుకనీ
పక్క చర్మం అరువు తెచ్చి కప్పుతున్నా.
స్వేదరంధ్రం స్వేదరంధ్రంగానే,
చిన్ననాటి గాటు గాటుగానే.
ఎడమ చెంపకే రాత్రి రెండయింది.

కుడివైపుకి వస్తే
తీయడానికేం లేదు.

ఇరవై రెండేళ్లు మట్టిపొయ్యిలోకి వంగి
గోడకి రొట్టె చరిచిన వైపు అది.
రోజూ వేకువనే మంట
నూగు కొరుక్కుతిని
చర్మాన్ని వదిలేసింది,
నాకంటే నేర్పుగా.

ఉదయం బిల్లు సగానికే రాశాను.
లెక్క తప్పాననుకుని ఎతేరీ
మిగతా సగం కూడా బల్ల మీద పెట్టింది.
నోట్ల మీద పిండి.