గుండు, బద్ద, ముక్క

మొదటి బుధవారం
కాశీబుగ్గ రైలుగేటు అవతల
జీడిబట్టీ రేకుల షెడ్డు వెనక
మైకు పట్టుకుని నరకం చెప్పాను.
బాగా చెప్పాను. మంట ఎంత లోతో,
పొగ ఎంత ఎత్తో, చూసొచ్చినవాడిలా.

ముందు వరసలో తవిటమ్మ
చేతులు ఒళ్లో దాచుకుని వింది.
జీడినూనె తిన్న వేళ్లు,
రేషను మిషను కూడా గుర్తుపట్టని వేళ్లు.
"మీ నరకంలోన మూతికి గుడ్డ ఇస్తారేటి బాబూ?
మాకిక్కడ ఇవ్వరు."
నవ్వలేదు. కాసేపాగి, మెల్లిగా,
"నా పెద్దోడు సారా తాగీసి పోనాడు.
ఒప్పుకోడానికి టైము సిక్కలేదు ఆడికి.
ఆడెక్కడున్నాడో మీకు తెలుసా?
తెలిసినట్టే సెప్తన్నారు మరి."

రెండో బుధవారం ప్రేమ ఒక్కటే తీసుకెళ్లాను.
ఆయన అందరినీ క్షమిస్తాడన్నాను.
వెనక నుంచి ఎస్తేరు లేచింది,
బాప్తిస్మం తీసుకుని పదేళ్లయిన మనిషి:
"అందరినంటే
కాటా అడుగున అయస్కాంతం ఎట్టినోడినీనా?
కేజీకి నూరు గ్రాములు నాది తినీసినోడినీనా?
ఒక్కమాటైనా అడగడా మీ దేవుడు?
అడగనోడు నన్నేటి సూసినట్టు?"

ఆ రాత్రి పలాస స్టేషన్లో బండి మూడు గంటలు లేటు.
రెండు ప్రసంగాలూ సంచిలో
ఒకదాన్నొకటి రాసుకుంటూ.
ఒకటి తవిటమ్మ కొడుకుని తగలబెట్టింది,
ఇంకొకటి ఎస్తేరు కూలి మింగేసింది.

మూడో బుధవారం మైకు తేలేదు.
పీట వేశారు. నా చేతులకి ముందు బూడిద పూసింది తవిటమ్మ,
చంటిపిల్లాడికి పౌడరు రాసినట్టు.
"పెంకు పగలాల.
పగలకపోతే పప్పు ఎవులికీ అందదు.
పప్పు ఇరగకూడదు మల్లీ.
సుత్తికి సెప్పీది కాదిది, సెయ్యికి తెలవాల."
కొట్టాను. ముక్కలు. మళ్లీ ముక్కలు.
గుండు ఒక గంప, బద్ద ఒక గంప.
నావి పారబోస్తుందనుకున్నాను.
మూడో గంపలోకి తోసింది, చూడకుండానే.
"ముక్కకీ రేటుంది బాబూ.
పుట్టినోలు పుట్టినట్టే పోతంటే
సేరు తవుడుకి నన్నమ్మీసి
మల్లీ కొనుక్కుంది మా యమ్మ. అందుకే ఈ పేరు.
కొన్నోలికి తెలీదేటి నా ఖరీదు?"

ఎస్తేరు మాత్రం కాటా వైపే చూస్తోంది.
సాయంత్రం మేస్త్రీ తూకానికి కూర్చున్నప్పుడు
లేచి, ఆ కాటా కింద ఏముందని అడిగాను.
గొంతు వణికింది.
మైకు లేకపోవడం వల్ల కావచ్చు.

ఆదివారం, రొట్టె విరిచే వేళకి
వేళ్ల మీద నల్లమచ్చ ఇంకా ఉంది.
సబ్బుకి పోదట.
తోలు ఊడి కొత్తది రావాలట.