ఎర్రుబాయి చేతి తూకం

రాయి పడ్డ మూడోనాడు సిరోంచ వెళ్ళాను.
గోదారి వంతెన దాటాక
బోర్డులు మరాఠీలోకి మారాయి. మాటలు మారలేదు.

మిరపకాయలు ఆరబోసిన కల్లంలో
మూరెడు గుంట.
దుర్గం ఎర్రుబాయి రాయిని యూరియా సంచిలో చుట్టి
మంచం కింద పెట్టింది.
"బొగ్గు లెక్క ఉన్నది. పొద్దుమీకి తారు వాసన గొడతది."

చెప్పాను:
సూర్యుడింకా పుట్టని కాలపు చలిలో
అల్లుకున్న అణువులు
బరువైన హైడ్రోజన్ దొరికితే వదిలిపెట్టవని,
ఇక్కడి గడ్డికి, గొడ్డుకి, మనకి అంత బరువు లేదని,
తూస్తే తెలిసిపోతుందని, ఏది పైదో ఏది కిందిదో.
"ఎన్ని గ్రాములు?"
గ్రాములు కాదు, వెయ్యికి ఎన్ని వంతుల తేడా అని.
"మా మిర్చి సేటు గిట్లనే తూస్తడు."

గుంటలో మట్టి తీశాను. ఎండిన ఆకు. సంచి పోగు.
ఆఖరికి, మొహమాటంగా, ఆమె అరచెయ్యి అడిగాను.
"పడ్డది మొగులు మీదికెల్లి. నా చెమటెందుకు?"
ముట్టుకున్న వాళ్ళందరూ రాయిలోకి వస్తారమ్మా,
మిమ్మల్ని తీసేస్తే గాని
ఆకాశం ఎంతో తేలదు.
"కడుక్కోనా?"
వద్దు.
దూది మిరపరంగుకి తిరిగింది.
ఫారంలో ఉంది గనక అడిగాను, ఏం తింటారు?
గోడవతల ఎవరో గిన్నెలు తోముతున్నారు.
"అన్నమే," అంది గబుక్కున, కొంచెం గట్టిగా,
"అందరి లెక్కనే. బియ్యమే."

హైదరాబాద్‌లో యంత్రం పదకొండు రాత్రులు గురకపెట్టింది.
గ్లైసిన్ బరువుగా వచ్చింది.
ఈ నేల మీద ప్రాణులకి పెద్దగా అక్కరలేని
ఇంకో ఆమ్లం అంతకన్నా బరువుగా.
అవి రాయివే. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను,
ఏమిటో అర్థం కాకపోయినా సంతోషించారు.

తర్వాత, గీత చివర, పొట్టి శిఖరం ఒకటి:
సెరీన్.
వేళ్ళు వదిలిపోయేది.
దాని కర్బనం తూచాను. ఆకాశం బరువు లేదు,
వరి తిన్న ఒంటి తేలికా కాదు.
జొన్న గాలిని వేరే తీరున పీలుస్తుంది,
తిన్న వాళ్ళ వెంట్రుకలో, చెమటలో
రవ్వంత బరువు దాస్తుంది.
దూదిని తూచాను.
అదే జొన్న.

శిఖరం పక్కన రాయాల్సిన మాట ఒకటే: కలుషితం.
రాశాను.
అది లెక్క, తప్పదు.

ఆఖరి పేజీలో, ఎవరూ తిప్పని చోట,
నమూనాని ముట్టుకున్న వారి ఆహారం అన్న గడి
ఖాళీగా ఉంది.
యంత్రం కాగితం పక్కనే ఉంది, ఫారమూ ఉంది.
అన్నం అని రాసి
సంతకం పెట్టాను.